న్లాందు లెక్క

రేవు ఆఫీసులో నాది కిటికీ పక్క బల్ల.
వెంగే చెక్కది. వాన జల్లు తగిలితే
ఇప్పటికీ అడవి వాసన వేస్తుంది.
పైనుంచి ఉత్తరం వచ్చింది:
నదికి ఇవతలి దేశాన్నీ అవతలి దేశాన్నీ పోల్చి
ఒక్క కాగితంలో పంపాలట,
గీతలు కొట్టి, గడులు కట్టి.

కొట్టాను.
ఎడమ గడి మాది, బ్రాజవిల్.
కుడి గడి వాళ్ళది, కిన్షాసా.
రెండింటికీ ఇంటిపేరు కాంగోయే.
ఒకే ఇంటిపేరున్న రెండు గడపల్లా
పెళ్ళికి పిలుచుకుంటాయి,
గట్టు దగ్గర తగువు పడతాయి.

జనాభా.
మా వైపు ఒకడు తుమ్మితే
అటువైపు పదిహేను మందికి పైగా
చిరంజీవ అనొచ్చు.
గంపెడు పిల్లలున్న ఇల్లు అది.
రాత్రి పూట ఇక్కడ నిలబడితే
నీళ్ళ మీదుగా దాని హోరు వినిపిస్తుంది,
మా ఊరు దుప్పటి కప్పుకుని విన్నట్టుంటుంది.

సొమ్ము.
మొత్తం చూస్తే వాళ్ళ గాదె పెద్దది.
తలకింత అని పంచితే
మా గిన్నెలోనే చారు చిక్కన.
ఆ చిక్కదనం సముద్రం అడుగున తోడిన చమురుది.
ముప్పై ఏళ్ళ నౌకరీలో
నా గిన్నె దాకా అది ఒలకలేదు,
ఆ మాటకి గడి లేదు.

అడవి.
ఇక్కడ కలం ఆగింది.
మాకింత, వాళ్ళకింత, అంకెలున్నాయి, రాయొచ్చు.
కానీ ఎగువన ఏ ఒడ్డు చెట్లు వదిలిన ఊపిరి
మబ్బయి ఏ ఒడ్డున కురిసిందో
ఏ గుమాస్తా నమోదు చేశాడు?
గడి ఖాళీగా వదిలేసి టీ తాగాను.

పదకొండు గంటల పడవ వచ్చింది.
న్లాందు దిగింది. దిగడమంటే
నలుగురు కుర్రాళ్ళు ఆమె మూడు చక్రాల బండిని
మనిషితో, మూటలతో సహా ఎత్తి గట్టున పెట్టడం.
పసితనంలో పోలియో కాళ్ళు పట్టుకుపోయింది.
పడవ వాళ్ళు సగం చార్జీకే ఎక్కించుకున్నారు.
మిగిలిన ఆ సగంతో ముగ్గురు పిల్లల్ని చదివించింది.
అటునుంచి సబ్బులు, ప్లాస్టిక్ చెప్పులు.
ఇటునుంచి పాలపొడి, గోధుమపిండి.
సీటు కింద ఇంకో అర ఉంది,
దాన్ని నేను చూడను, అది మా ఒప్పందం.

"ఏం రాయను?" అని కాగితం చూపించాను.
తలకిందులుగా పట్టుకుని చూసి నవ్వింది.

"మా అమ్మకి ముందు కవలలు. న్సింబా, న్జూజీ.
ఒకతి బొద్దుగా, ఒకతి చీపురుపుల్లలా.
వచ్చిన చుట్టమల్లా పక్కపక్కన నిలబెట్టి
కళ్ళతో తూకం వేసేవాళ్ళు.
కవలల వెనక పుట్టినవాళ్ళకి
మాలో న్లాందు అని పెడతారు, వెంట వచ్చినదని.
నన్నెవరూ దేంతోనూ పోల్చలేదు, బతికిపోయాను.
దాని కంచంలోది దీనికి, దీని కంచంలోది దానికి
పాకుతూ చేరవేసేదాన్ని.
ఇప్పుడూ అదే, కాకపోతే చక్రాలున్నాయి."

బండి తిప్పుకుంటూ ఆగింది.
"నీకు లెక్కే కావాలా? రాసుకో.
ఆకులో చుట్టిన చిక్వాంగ్ ఒకటి కొను.
వేళ్ళు ఆనించి కొలువు.
కిందటేడు అక్కడ అయిదు వేళ్ళ పొడవు, ఇప్పుడు నాలుగు.
ధర మారలేదు.
ఇక్కడ పొడవు అలాగే ఉంది, ధర పెరిగింది.
ఏది నయమో తిన్నవాళ్ళని అడుగు, నన్నెందుకు?"

కాగితం అడుగున, గడుల బయట,
ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను.

నెల తిరక్కుండా తిరిగొచ్చింది.
ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న:
నాలుగు వేళ్ళు అన్నదానికి ఆధారం ఏమిటి?

ఆధారం పేరు న్లాందు.
పదకొండు గంటల పడవలో వస్తుంది.
ఇవాళ నది మీద పొగమంచు.
పన్నెండు దాటింది,
గుర్రపుడెక్క తుట్టెలు తప్ప
నీళ్ళ మీద ఇంకా ఏమీ కనిపించలేదు.